అష్టమి నాటి అడ్డుకట్ట

అడ్డుకట్ట రెండోసారి కొట్టుకుపోయిన పదిహేనో రోజున, సోమవారం పొద్దున, ఆ పని శ్రీవిద్య నెత్తిన పడింది.

"రఘునందన్ రాజీనామా చేశాడమ్మా. ఇక నువ్వే చూడాలి," అన్నాడు శోభనాద్రి, గుడివాడ ఆఫీసులో ఫైలు ఆమె వైపు తోస్తూ.

కాలువల మీద వంతెనలూ తూములూ కట్టే కంపెనీ శోభనాద్రిది. శ్రీవిద్య అందులో ఆరేళ్లుగా ఇంజనీరు. ఇంతవరకూ ఎవరో ఒకరి కింద పనిచేసిందే తప్ప, ఒక పనిని మొదటినుంచి చివరిదాకా తనే నడిపింది లేదు.

చెప్పుకోవడానికి చిన్న పనే. దివిసీమ చివర, హంసలదీవికి ఇవతల, మురుగు కాలువ సముద్రపు పాయలో కలిసేచోట ఒక పాత తూము ఉంది. దానికి రెండు ఇనుప తలుపులు. పోటు వచ్చినప్పుడు అవి వాటంతట అవే మూసుకుని ఉప్పునీటిని ఆపాలి. నీరు దిగినప్పుడు తెరుచుకుని మురుగును వదలాలి. ఆ తలుపులు తుప్పుపట్టి ఊడిపోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ సముద్రం కాలువలోకి ఎక్కి మూడు ఊళ్ల పొలాలను చౌడు చేస్తోంది. కొత్త తలుపులు గుడివాడ వర్క్‌షాపులో సిద్ధంగా ఉన్నాయి. వాటిని బిగించాలంటే ముందు సముద్రం వైపు ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేయాలి, లోపలి నీటిని మోటార్లతో తోడాలి, తలుపులు దించాలి, చివరికి కట్ట తీసేయాలి. ఆ నాలుగైదు రోజులూ కట్ట నిలబడాలి. రెండుసార్లూ నిలబడలేదు.

"జూన్ పదిహేనుకి కాలువలకి నీళ్లొదుల్తారు. ఈలోగా తలుపులు పడకపోతే కాంట్రాక్టు రద్దని నోటీసు వచ్చింది. మన సంగతి అలా ఉంచు, ఆ రైతులకి మూడో ఏడు కూడా పంట ఉండదు," అన్నాడు శోభనాద్రి. "రెండు వారాల్లో, సోమవారం, శుద్ధ విదియ. దివ్యమైన ముహూర్తం. మన శాస్త్రిగారు పెట్టారు. ఆ రోజు మొదలెట్టి శుక్రవారానికల్లా ముగించెయ్."

ఫైలులో రఘునందన్ రాసిన పద్నాలుగు పేజీల రిపోర్టు ఉంది. ఇసుక సన్నం, బస్తాలు నాసిరకం, కూలీల నిర్లక్ష్యం. చివరి పేజీలో సముద్రాన్ని కూడా తిట్టాడు. ఆ తూము దగ్గర బతికే మనిషి చెప్పిన మాట మాత్రం ఒక్కటీ లేదు. శ్రీవిద్య ఫైలు మూసి, కంపెనీ జీపు తీయించి, పామర్రు మీదుగా అవనిగడ్డ రోడ్డు పట్టింది.

తూము పక్కన రేకుల గదిలో సూరయ్య ఉన్నాడు. లస్కరు. తూము తలుపులకు గ్రీజు పెట్టడం, వాటిలో చిక్కిన చెత్త తీయడం, నీటి లెక్క రాయడం అతని ఉద్యోగం. తలుపులే లేవు కాబట్టి ఇప్పుడు మిగిలింది ఒక్కటే. రోజుకు రెండుసార్లు గోడ మీద అంకెలు చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో పుస్తకంలో రాస్తాడు.

"ఆ పుస్తకం చూడొచ్చా సూరయ్య గారూ?"

"పంతొమ్మిదేళ్లుగా రాస్తన్నానమ్మా. చూస్తానన్నవాళ్లల్లో మీరే మొదలు."

కట్ట తెగిన రెండు తేదీలూ వెతికింది. మొదటిసారి అయిదడుగుల రెండంగుళాలు. రెండోసారి అయిదడుగుల నాలుగంగుళాలు. పేజీలు వెనక్కి తిప్పింది. ప్రతి పక్షంలోనూ ఓ నాలుగైదు రోజులు నీరు మూడడుగులు దాటడం లేదు. మళ్లీ అయిదుకి ఎక్కుతోంది, మళ్లీ దిగుతోంది, గడియారంలా.

"ఈ తక్కువ రోజులేంటండీ?"

"అష్టమి, నవమి, దశమి. ఆ రోజుల్లో సముద్రం పడుకుంటదమ్మా. పున్నానికీ అమాసకీ లేచి కూకుంటది."

శ్రీవిద్య బయటికొచ్చి బందరులో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. నరసింహమూర్తి తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. ఇప్పుడు వీధి మొత్తానికీ పంచాంగం చూసిపెడతాడు. కట్ట పని మొదలైన రెండు తేదీలూ చెప్పి, ఆ రోజుల్లో ఏ తిథులో అడిగింది. కాగితాల చప్పుడు వినిపించింది.

"మొదటిది శుద్ధ త్రయోదశి. రెండోది శుద్ధ విదియ. రెండూ మంచి రోజులేనమ్మా. ఎవరో గానీ చక్కగా పెట్టారు."

చక్కగానే పెట్టారు. త్రయోదశి నాడు మొదలెడితే రెండు రోజుల్లో పౌర్ణమి పోటు. విదియ నాడు మొదలెడితే అమావాస్య పోటు ఇంకా నడినెత్తినే ఉంటుంది. అష్టమి నవములు మంచివి కావని ఎవరూ ముట్టుకోలేదు. సముద్రం పడుకున్న రోజులన్నీ పంచాంగంలో పనికిరాని రోజులు. ఇప్పుడు పెట్టిన మూడో ముహూర్తం మళ్లీ శుద్ధ విదియే.

లోపలికెళ్లి సూరయ్య ఎదురుగా కూర్చుంది. "మీకు ముందే తెలుసు కదా. ఎందుకు చెప్పలేదండీ?"

"నన్నెవరడిగారమ్మా? రఘునందన్ గారు కారు దిగకుండానే మంచినీళ్లెక్కడ దొరుకుతాయని అడిగారు. చెప్పాను."

గుమ్మంలో ఎవరో నవ్వారు. కట్ట వేసిన ఇరవై రెండు మంది కూలీలకు మేస్త్రీ ఏలీయా. ఆ పక్క ఊరివాడే. కాలువకు అవతల మూడెకరాలుంది. రెండేళ్లుగా అందులో గింజ వేయలేదు.

"మీకూ తెలుసా ఏలీయా గారూ?"

"ఈ చుట్టుపక్కల వలేసే ప్రతోడికీ తెలుసు మేడంగారూ. కానీ మీవోళ్ల ముహూర్తం మీద మేం నోరెత్తితే పని సంగతి పోయి దేవుడి సంగతి అవుద్ది. అష్టమినాడు మొదలెట్టండని నేనంటే మీ ఓనరుగారు ఏమంటారు? 'నీకేంలే, నువ్వు చర్చికెళ్తావు' అంటారు. నా పొలమే మునుగుతుంటే నేను నోరు మూసుకున్నానంటే ఆలోచించుకోండి."

ఆ రోజు బహుళ తదియ. శనివారం అష్టమి, ఆదివారం నవమి, సోమవారం దశమి. జూన్ పదిహేను లోపల సముద్రం పడుకునేది ఇక ఈ ఒక్కసారే.

మంగళవారం పొద్దున గుడివాడలో శోభనాద్రి ముందు సూరయ్య అంకెలన్నీ గీతలుగా గీసిన కాగితం పరిచింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అష్టమినాడా! అష్టమినాడు మా ఇంట్లో కొత్త చీపురు కూడా విప్పరు."

"రెండుసార్లు మంచిరోజునే మొదలెట్టాం కదండీ."

"లెక్క తప్పని నేనన్నానా? లెక్క సరిగ్గానే ఉంది. కానీ మూడోసారి కూడా పోతే, అష్టమినాడు మొదలెట్టాడు, పోయింది అంటారు. శాస్త్రిగారు అంటారు, మా ఆవిడ అంటుంది, నాకే అనిపిస్తుంది."

ఇంకో గీత గీసి చూపించినా లాభం లేదని శ్రీవిద్యకు అర్థమైంది. ఆయనకు సముద్రం మీద అనుమానం లేదు. రెండుసార్లు ఓడిపోయాక మూడోసారి ఏ నింద తన మీదికొస్తుందోనని భయం. ముందే మాట్లాడి ఉంచింది కాబట్టి తండ్రికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"శోభనాద్రి గారూ, నమస్కారమండీ. రేపు బుధవారం పంచమి. శుభ్రమైన తిథి. రేపు కొబ్బరికాయ కొట్టి నాలుగు బస్తాలు వేయించండి. పని మొదలైపోయినట్టే."

"మరి అష్టమి?"

"మొదలుపెట్టడానికి తిథి చూస్తాం గానీ సాగించడానికి కాదు గదండీ. పదహారు రోజుల పండగలో అష్టమి వచ్చిందని పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేస్తామా?"

శోభనాద్రి పకపకా నవ్వాడు. కట్ట తెగాక ఆయన నవ్వడం ఆఫీసులో ఎవరూ చూడలేదు.

"సరే మాస్టారూ. కానీ అమ్మా శ్రీవిద్యా, అష్టమి నవములు మాత్రం నేను సైటు మీద కాలు పెట్టను. ఫోనులో ఉంటా."

బుధవారం కొబ్బరికాయ పగిలింది. నాలుగు బస్తాలు నీళ్లలో పడ్డాయి. గురువారమంతా ఇసుక నింపడం. రోహిణి కార్తె ఎండకి ట్రాక్టరు ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. శుక్రవారం కట్ట సగం లేచింది. రేకుల గది గోడకి శ్రీవిద్య ఒక కాగితం అంటించింది. శనివారం కట్ట కలపడం, నీళ్లు తోడడం. ఆదివారం పది గంటలకి, నీరు బాగా దిగిన వేళ, మొదటి తలుపు. సోమవారం రెండోది. మంగళవారం కట్ట తీయడం. ఆ తర్వాత పోటు పెరగడం మొదలవుతుంది కాబట్టి ఒక్క రోజు కూడా మిగులు లేదు.

ఏలీయా చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం చదివాడు.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనే."

"ఆదివారం పదింటికి మేం గుళ్లో ఉంటాం."

"అందరూనా?"

"ఇరవై రెండు మందీ ఒకటే సంఘం మేడంగారూ."

"ఒక్క ఆదివారం ఏలీయా గారూ. మీ పొలాల కోసమే కదా."

ఏలీయా గొంతు పెంచలేదు. "మీ ఓనరుగారిని ఒక్క అష్టమి అడగడానికి మీకు రెండ్రోజులు పట్టింది. మీ నాన్నగారి చేత చెప్పించారు. మమ్మల్ని మాత్రం కాయితమ్ముక్క మీద రాసేసి గోడకంటించారు."

శ్రీవిద్య గోడ మీది కాగితం వైపు చూసింది. నాలుగు రోజులుగా రఘునందన్ ఎవర్నీ అడగలేదని తిట్టుకుంటోంది. తను చేసిందీ అదే. కాగితం గోడ మీంచి పీకేసింది.

"తప్పు నాదే. ఎన్నింటికి రాగలరు?"

"పన్నెండున్నరకి. భోజనం కూడా ఇక్కడే చేస్తాం."

పన్నెండున్నరకి నీరు ఎక్కుతూ ఉంటుంది. మూడున్నర దాకా ఎక్కుతుంది. పడుకున్న సముద్రమే అయినా కట్ట మీద ఇంకో అడుగు బరువు.

"కట్ట ఆగుతుందా?"

"మేం కట్టింది ఆగుద్ది," అన్నాడు ఏలీయా.

కొత్త కాగితం మీద పన్నెండున్నర అని రాసింది. తలుపులు తెచ్చే ట్రైలరు గుడివాడలో ఆలస్యంగా బయల్దేరేలా ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున కట్ట దగ్గర ఎవరుండాలో సూరయ్యనూ, క్రేను నడిపే అనిల్ కుమార్‌నూ అడిగి మరీ రాసుకుంది. ఇద్దరూ ఉంటామన్నారు. బందరువాడైన అనిల్ కుమార్ శనివారమే ఆరాధనకు వెళ్లే సంఘం మనిషి. కట్ట కలిపే రోజు క్రేనుతో పనిలేదు కాబట్టి ఆ శనివారం వెళ్లి వచ్చేశాడు.

ఆదివారం తొమ్మిదికి లోపల నీళ్లన్నీ తోడేశారు. రెండేళ్లుగా నీళ్లలో ఉన్న తూము గచ్చు బయటపడింది. పదికి అంతా బాగానే ఉంది. పదకొండూ పావుకి సూరయ్య కేక వేశాడు.

"అమ్మా! తూర్పు గట్టు!"

బస్తాల కట్ట చెక్కుచెదరలేదు. కట్ట వచ్చి పాత మట్టిగట్టుకి ఆనిన చోట, అడుగున, మణికట్టంత లావున నీళ్లు బుగ్గలా చిమ్ముతున్నాయి.

"పీతల బొక్కలు. గట్టు లోపలంతా తొలిచేసుంటాయి. సముద్రం ఎక్కేకొద్దీ మట్టిని కోసుకుంటా వస్తది."

అనిల్ కుమార్ క్రేను దిగి పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి ఏడు బస్తాలు ఈడ్చుకొచ్చి పడేశారు. నీళ్లు వాటి పక్కనుంచి దారి వెతుక్కున్నాయి. పది నిమిషాల్లో మణికట్టంత ధార తొడంత అయింది. పోటు ఆగడానికి ఇంకా నాలుగు గంటలు. ముగ్గురి వల్ల అయ్యే పని కాదు.

ఏలీయా ఫోన్ స్విచ్ఛాఫ్. మిగతావాళ్లవీ అంతే.

"గుడి ఎంత దూరం?"

"రెండు కిలోమీటర్లమ్మా. నా టీవీఎస్ తీసుకెళ్లండి. బ్రేకు లేదు, కాలు ఆనించాలి."

చర్చి బయట చెప్పుల గుట్ట. లోపల తెల్లచొక్కాలు, మడత నలగని చీరలు. పాస్టరు వాక్యం చెబుతున్నాడు. శ్రీవిద్య మోకాళ్ల దాకా బురదతో గుమ్మం దగ్గర ఆగిపోయింది. శుక్రవారం ఏలీయా అన్న మాటలు గుర్తొచ్చి అడుగు ముందుకు పడలేదు. ఏలీయా రెండో వరసలో ఉన్నాడు. ఆడవాళ్ల వైపు చివరి వరసలో కూర్చున్న ఏలీయా భార్య దయామణి ఆమెను చూసి కొంగు సర్దుకుంటూ వచ్చింది.

"ఏందమ్మా ఆ బురద?"

"పీతల బొక్కలండీ. నీళ్లు వస్తున్నాయి. ప్రార్థన అయ్యేదాకా ఆగుతాను, కానీ..."

"ఏ గట్టు?"

"తూర్పు గట్టు."

దయామణి ఇక ఆమె మాట వినలేదు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ మధ్య దారిలో నేరుగా ముందుకు నడిచి, పాస్టరు ఎదుట నిలబడింది.

"అయ్యగారూ, గండి."

ఆ ఒక్క మాటకి గుడి మొత్తం లేచింది. ఎక్కడ, ఎంత అని ఎవరూ అడగలేదు. పాస్టరు చేతిలో పుస్తకం మూసి, చెప్పులు కూడా వేసుకోకుండా అందరికంటే ముందు బయటపడ్డాడు. మోటార్ సైకిళ్ల మీద ముగ్గురేసి, ఒక ఆటోలో పద్నాలుగు మంది. పావుగంటలో తూర్పు గట్టు మీద అరవై మంది ఉన్నారు.

"బస్తాలు పైన కాదు, ముందు బొక్క మూయండి!" ఏలీయా తెల్లచొక్కాతోనే నీళ్లలోకి దూకాడు. "గడ్డి! గడ్డి తెండెహే!"

గట్టు కింద ఎవరిదో గడ్డివాము ఉంది. ఆడవాళ్లు దాన్ని లాగి, గడ్డిని మెలితిప్పి, బంకమట్టిలో పొర్లించి ఒకరి చేతికొకరు అందించారు. ఏలీయా ఆ ముద్దల్ని బొక్కల్లోకి తోసి కాలితో తొక్కాడు. పాస్టరు పంచె ఎగ్గట్టి బస్తాల మూతులు పట్టుకుంటే ఇద్దరు ఇసుక పోశారు.

"మేడంగారూ, ఈ ఉప్పు బురద జన్మలో పోదు. పెళ్లిరోజుకి కొన్న చొక్కా," అంది దయామణి, మొగుడి వైపు చూపిస్తూ.

"కంపెనీ కొత్తది కొంటుందండీ."

"ఒకటేనా? ఇరవై రెండు మంది ఉన్నారు, లెక్క చూసుకోండి! అయ్యగారి పంచె వేరే."

అదే సమయంలో ఫోన్ మోగింది. శోభనాద్రి.

"ఏమ్మా, ఎలా ఉంది?"

"గట్టుకి పీతల బొక్కలు పడ్డాయండీ. మూస్తున్నాం."

అవతల కారు హారన్ వినిపించింది. "నవమి అని నేను చెప్పానా?"

"చెప్పారండీ. పౌర్ణమి అయ్యుంటే ఈపాటికి మీతో మాట్లాడటానికి నేనుండేదాన్ని కాదు. వంద ఖాళీ బస్తాలు కావాలి. కోడూరులో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?"

"అరగంటలో పంపిస్తా," అని పెట్టేశాడు.

పన్నెండూ పదికి ధార సన్నబడింది. పన్నెండున్నరకి చెమ్మ మాత్రమే మిగిలింది. ఒంటిగంటకి కోడూరు నుంచి బస్తాలు వచ్చాయి. వాటిని తెచ్చిన వ్యాను వెనకే శోభనాద్రి కారు కూడా వచ్చింది. ఆయన దిగలేదు. గట్టు మలుపులో కారు ఆపుకుని, అద్దం దించుకుని కూర్చున్నాడు. సైటు మీద కాలు పెట్టనన్న మాట మీదే ఉన్నాడు.

తలుపుల ట్రైలరు అప్పటికే వచ్చి ఉంది. అనిల్ కుమార్ మొదటి తలుపును ఎత్తాడు. టన్నున్నర ఇనుము గాలిలో నెమ్మదిగా తిరిగింది. ఏలీయా కింద నిలబడి చేత్తో సైగలు చేస్తూ అంగుళం అంగుళం దింపించాడు. ఒకసారి వంకరగా కూర్చుంటే పైకెత్తించి మళ్లీ దింపించాడు. రెండూ ముప్పావుకి తలుపు బందుల్లో పడింది. మూడున్నరకి పోటు ఆగిపోయింది. కట్ట మీద ఇంకా అడుగున్నర ఖాళీ ఉంది.

సోమవారం రెండో తలుపు పడింది. మంగళవారం సాయంత్రానికి బస్తాలన్నీ ఒడ్డుకు చేరాయి.

అసలు పరీక్ష శనివారం, అమావాస్య. పొద్దున తొమ్మిదికి పెద్ద పోటు. కూలి లేని రోజైనా ఏలీయా వచ్చాడు. దయామణి, మరో పదిమంది రైతులు గట్టు మీద కూర్చున్నారు. శోభనాద్రి ఈసారి కారు దిగి తూము మీదికి నడిచొచ్చాడు.

పాయలో నీళ్లు మెల్లగా మలుపు తిరిగి కాలువ వైపు నడవడం మొదలెట్టాయి. ఎనిమిదింటికి తలుపులు కదిలాయి. ఒకదాని తర్వాత ఒకటి ధడేలుమని మూసుకున్నాయి. నీళ్లు వాటి మీదికి ఎక్కుతూనే ఉన్నాయి. మూడడుగులు, నాలుగు, అయిదు. అవతల కాలువ అడుగున బురద మీద కొంగలు నడుస్తున్నాయి. ఎడమ తలుపు మూలలో మాత్రం దారమంత నీరు జారుతోంది. రబ్బరు బిగించాలని శ్రీవిద్య ఫోనులో రాసుకుంది.

అయిదడుగుల మూడంగుళాల దగ్గర సముద్రం ఆగింది. అవతల వైపు ఆగడానికి నీరేమీ లేదు.

శ్రీవిద్య తిరిగి చూసేసరికి ఏలీయా అప్పటికే గట్టు దిగి తన పొలం వైపు నడుస్తున్నాడు. చెవి దగ్గర ఫోన్ ఉంది. ఎదురుగాలిలో కూడా అతని మాటలు వినిపిస్తున్నాయి.

"సోమవారం ట్రాక్టరు పంపు. దుక్కికి. ఆ, ఈ ఏడు వేస్తన్నా... కాదు, మూడెకరాలూ."